ఎర్ర దారాల మధ్య ఎనిమిది మూరలు

మా బోటును ఒడ్డుకు లాగే మోకు పని అయిపోయిందని ఊళ్ళో అందరికంటే ముందు తెలిసింది నాకు. తెలిసి ఏం లాభం. నాకు మొగుడు లేడు. మొగుడు లేని ఆడది మోకును ముట్టకూడదు, దాటకూడదు, బోటు నీళ్ళలోకి దిగేటప్పుడు ఎదురు రాకూడదు. ఇక నాకు మిగిలింది నోరొక్కటే. ఆ నోటిని ఎవరూ లెక్కచేయరు.

ఇది నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. అది ఎచ్చెర్లలో ఇంజనీరింగ్ చదువుతోంది, సెలవులకి వచ్చింది. నేను కోపంగా చెప్పినచోట నువ్వు చల్లబరిచి రాయకు అని ముందే చెప్పి కూర్చోబెట్టాను.

మోకు అంటే లావు నైలాను తాడు. నా బొటనవేళ్ళు రెండు పక్కపక్కన పెడితే ఎంతో అంత లావు. మాది నౌపడ ఉప్పు మళ్ళు దాటాక సముద్రం వైపు ఉన్న ఊరు. ఇక్కడ బోటు కట్టుకోవడానికి గట్టు లేదు, గోడ లేదు, ఉన్నదంతా ఇసుకే. వేట నుంచి వచ్చిన బోటును ఇసుక మీదికి లాక్కోవాలి. లేకపోతే అల దాన్ని అడ్డంగా తిప్పి కొడుతుంది. నేను కాపురానికి వచ్చినప్పుడు ముప్పై మంది మగాళ్ళు మోకు పట్టుకుని లాగేవారు, ఆడవాళ్ళం వెనక నుంచి తోసేవాళ్ళం. ఇప్పుడు ట్రాక్టరు లాగుతోంది. మనిషి లాగేటప్పుడు తాడు ఎంత బిగిసిందో అరచేతికి తెలుస్తుంది. కిర్రుమంటే ఆగుతాడు, ఊపిరి తీసుకుంటాడు, మళ్ళీ లాగుతాడు. ట్రాక్టరుకు అరచేయి లేదు.

ఆ ట్రాక్టరుకూ బోటుకూ మధ్య ఉండేది నా కొడుకు. బోటు కింద దుంగలు వేసే పని వాడిది. వెనక వచ్చిన దుంగ తీసి, ముందుకు పరుగెత్తి, వంగి బోటు కింద పెడతాడు. మోకు వాడి ముణుకు పక్కనుంచే పోతుంది. అది తెగితే మొదట తగిలేది వాడికి. ట్రాక్టర్లు వచ్చిన కొత్తలో పక్క ఊరి ఒడ్డున ఒక మోకు తెగడం నేను కళ్ళారా చూశాను. తెగింది కదా, కింద పడుతుందనుకుంటాం. పడలేదు. సాగినదంతా ఒక్క క్షణంలో వెనక్కి వచ్చింది. అది రావడం ఎవరికీ కనబడలేదు, చప్పుడొకటి వినబడింది, ఒక మనిషి ఇసుకలో కూర్చుండిపోయాడు. ఆయన ముణుకు చిప్ప పగిలి, ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తాడు.

అందుకని కొత్త మోకు కొన్నాక మేము వెంటనే బోటుకు కట్టం. సరుగుడు తోటలో రెండు మానుల మధ్య కడతాం. నడుమ ఒక పాత వలలో రాళ్ళు మూటగట్టి వేలాడదీస్తాం. కొత్త తాడులో ఒక సాగుడు ఉంటుంది, అది ముందే పోవాలి. మొదటిరోజు మూట భూమికి మూరెడు ఎత్తులో ఉంటుంది. రెండోరోజుకు జానెడు. మూడో రోజుకో నాలుగో రోజుకో బెత్తెడు దగ్గర ఆగుతుంది. ఆగిందా లేదా అని చూసే పని నాది. మా ఆయన రాళ్ళు మోస్తే, నేను సరుగుడాకు మీద కూర్చుని మూట కింద చేయి దూర్చి చూసేదాన్ని. తొందరపడి దించేస్తే బోటుకు కట్టాక సాగుతుంది. అప్పుడు ఏది కొత్త సాగుడో ఏది చావు సాగుడో ఎవరికీ తెలియదు.

మూట ఆగాక గుర్తులు. వల కుట్టే సూదిలో ఎర్ర దారం ఎక్కించి మోకు పురుల మధ్య నుంచి దూర్చి ముడి వేస్తాడు ఆయన. అక్కడి నుంచి ఎనిమిది మూరలు కొలిచి ఇంకో ఎర్ర దారం. ఆయన రెండు చేతులూ సూదితో, దారంతో పనిలో ఉండేవి. కాబట్టి కొలిచే చేయి నాది. మోచేయి నుంచి నడిమి వేలి కొస దాకా, ఎనిమిది సార్లు. నెలకొకసారి, వేట లేని రోజు చూసి, మోకును ఇసుక మీద వదులుగా పరిచి మళ్ళీ కొలిచేదాన్ని. ఎనిమిది ఉంటే మోకు బతికున్నట్టు. ఎంత లాగినా వదిలేస్తే తన పొడవుకు తాను వచ్చేస్తోందన్న మాట. ఎనిమిది మీద బెత్తెడు వస్తే కన్నేసి ఉంచాలి. ఎనిమిదిన్నర దాటిన రోజు ఆయన మోకు చుట్టచుట్టి ఇంటికి తెచ్చేసేవాడు. ఇక అది చేపలు ఎండేసే పందిరికే పనికొచ్చేది.

తర్వాత ఆయనకు కిడ్నీ జబ్బు వచ్చింది. మా వైపు అది కొత్త సంగతేమీ కాదు. కాళ్ళు వాచేవి. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడేది. మొదట్లో ఆ గుంట కాసేపటికి పూడేది. ఆ తర్వాత నేను అన్నం వండి దించి వచ్చినా అలాగే ఉండేది. నేను చేపలమ్ముకునేదాన్ని. నొక్కితే లేచే చేపను తట్టలో వేస్తాను, గుంట పడి ఉండిపోయే చేపను వేయను. ఆయన పాదం మీద నా వేలి గుంట చూసి చేయి తీసేశాను. మళ్ళీ ఎప్పుడూ నొక్కలేదు.

ఆయన పోయాక బోటు మా మరిది చేతికి వచ్చింది. ఆయన తమ్ముడు. సగం వాటా నాదే, నా కొడుకు అందులోనే వేటకు వెళతాడు, కానీ మాట మరిదిది. నేను ఏమేం ముట్టకూడదో పెద్దవాళ్ళు వచ్చి వరసగా చెప్పి వెళ్ళారు. పసుపు, కొత్త వల, మోకు. విన్నాను. అంత ఏడుపులో మోకు సంగతి ఎవరికి పట్టింది. మోకు మీద ఉన్న కొలత నా చేతిదని, ఆ చేయి పోతే కొలత కూడా పోతుందని ఆరోజు నాకే తట్టలేదు.

ఆయన కట్టిన చివరి మోకే ఇది. నేను దూరం నుంచి చూస్తూనే ఉన్నాను. బతికున్న మోకును ట్రాక్టరు లాగితే సన్నబడుతుంది, తడి బట్ట పిండినట్టు పొడవునా నీళ్ళు కారతాయి, ఇసుకలో చుక్కల గీత పడుతుంది. వదలగానే మళ్ళీ ఉబ్బి, మెలికలు తిరిగి పడుకుంటుంది. ఇది పడుకోవడం మానేసింది. వదిలాక కూడా కట్టెలా చాపుకుని ఉండిపోయింది. సన్నగా, నిగనిగలాడుతూ.

ముందు కొడుకుతో చెప్పాను.

“సాగితే ఏటమ్మా? పొడుగైన తాడు మరీ మంచిది గదా,” అన్నాడు, అన్నం కలుపుకుంటూ.

“పొడుగైనంత సన్నమైపోనాదిరా. ఎక్కడినుంచి వస్తాది పొడుగు, ఆకాశంనుంచి ఊడి పడతాదేటి?”

“బాబాయితో సెప్పు.”

మరిదితో చెప్పాను. వల దులుపుకుంటున్నాడు.

“ఒరే మరిదీ, ఆ మోకు పనైపోనాది. ఒగ్గీయండి.”

“ఎవలు సెప్పారు?”

“సూత్తన్నాను గదా.”

“సూత్తే తెలిసిపోతాదేటి వదినా? నువ్వు సేపలు సూసుకో. మోకు మేం సూసుకుంటాం.”

చూసుకుంటే నాకెందుకు ఈ గొడవ. నెల నెలా కొలవడం ఆయనతోనే పోయింది. ఆ ఎర్ర దారాలు ఎందుకున్నాయో కూడా వీళ్ళకు గుర్తులేదు, దిష్టికి కట్టినవి అనుకుంటున్నారు.

ఒక మధ్యాహ్నం అందరూ తిని నడుం వాల్చిన వేళ వెళ్ళాను. బోటు ఇసుక మీద ఉంది, మోకు దాని ముందు పరుచుకుని ఉంది. మోచేయి మొదటి ఎర్ర దారం మీద పెట్టాను. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ వెళ్ళాను. ఎనిమిది దగ్గర రెండో దారం లేదు. తొమ్మిది దగ్గర ఉంది. నిండుగా తొమ్మిది. నడుమ ఒకచోట పురులు మెలిక విప్పుకుని చాపగా పడి ఉన్నాయి, వేలితో నొక్కితే ఇనుము నొక్కినట్టు ఉంది.

నేరుగా మరిది ఇంటికి వెళ్ళి అరుగు మీద ఉన్న నలుగురి ముందూ చెప్పాను. “తొమ్మిది మూరలున్నాదిరా. ఒక మూర తిరిగి రానేదు. రేపు దాన్ని కట్టకండి.”

“తొమ్మిదని ఎలగ తెలిసినాది?”

“కొలిసినాను.”

మరిది మెల్లగా లేచాడు.

“ముట్టీసినావేటి వదినా?”

అంతే. ఇక తొమ్మిది గురించి ఒక్కరూ అడగలేదు. ఎప్పుడు ముట్టావు, ఏ చేత్తో ముట్టావు, దాటావా, బోటును కూడా ముట్టావా. నేను తొమ్మిది అంటాను, వాళ్ళు ముట్టావు అంటారు. సాయంత్రానికి పసుపు నీళ్ళు కలిపి, వేపమండలతో మోకు పొడవునా చిలకరించి, గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టారు. చచ్చిన మోకుకు స్నానం చేయించారు. చేయించి, మళ్ళీ బోటుకే కట్టారు.

కట్టేముందు మాత్రం మరిది అందరినీ పిలిచాడు. వదిన మాట నిజమో అబద్ధమో తేలిపోతాది, నాను కొలుస్తాను, మీరందరూ సూడండి అని. మా మరిది ఆరడుగుల మనిషి. చేతులు ముణుకుల దాకా వస్తాయి. నేను ఇరవై అడుగుల దూరంలో నిలబడి చూస్తున్నాను. మరిది మోచేయి ఆనించి కొలుచుకుంటూ పోయాడు. రెండో ఎర్ర దారం సరిగ్గా ఎనిమిది దగ్గర వచ్చింది.

“ఎనిమిదే గదేటి వదినా. అన్న కట్టినప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. ఎక్కడ సాగినాది?”

“అది నీ మూరరా. కట్టినప్పుడు కొలిసింది నా మూర.”

“మూరంటే మూరే. నీకో మూర, నాకో మూర ఉంటాదేటి?”

“సంతలో పూలమ్మేదాన్ని అడుగు, ఉంటాదో ఉండదో సెప్తాది.”

నవ్వారు. కానీ నా వైపు నవ్వు కాదది. వెనక ఒకడు, “వదిన మూరతో పూలు కొనకండిరోయ్, నట్టం వస్తాది,” అన్నాడు. ఇంకా నవ్వారు. నా కొడుకు కూడా తల వంచుకుని నవ్వాడు, అది నేను చూశాను.

“రా, నీ సెయ్యి నా సెయ్యి పక్కన పెట్టు. అందరూ సూస్తారు,” అన్నాను.

మరిది చేతులు వెనక్కి పెట్టుకుని వెళ్ళిపోయాడు. వదిన పక్కన చేయి పెట్టి కొలిపించుకునే మగాడు ఊళ్ళో తలెత్తుకుంటాడా.

మర్నాడు సరుగుడు కొమ్మ ఒకటి తెచ్చి, నా మూరకు సరిగ్గా కత్తితో కోసి, కొడుకు చేతికిచ్చాను. దీంతో కొలవమని చెప్పు, దీనికి మొగుడు పోలేదు కదా అన్నాను. మధ్యాహ్నం ఆ కర్ర తిరిగి తెచ్చాడు.

“బాబాయి నవ్వినాడు. నీకెంత కావాలో అంతకే కోసుకున్నావంట.”

ఆ కర్రను ముక్కలు చేసి పొయ్యిలో పెట్టి పులుసు కాచాను. తినబుద్ధి కాలేదు.

అప్పుడే మా అన్న కూతురికి ఫోను చేశాను. ఇదుగో, ఇప్పుడు రాస్తున్న ఇదే. అంతా విని, మా కాలేజీలో ఒక మిషను ఉంది అత్తా అంది. ఇనుప కడ్డీని రెండు కొసలా బిగించి లాగుతుందట. కొంతదాకా లాగి వదిలితే కడ్డీ వెనక్కి వచ్చేస్తుంది. ఒక హద్దు దాటితే సాగినంత సాగి అలాగే ఉండిపోతుంది. ఇంకా లాగితే ఒకచోట మెడలాగా సన్నబడి అక్కడే తెగుతుంది. ప్రతి వస్తువుకూ ఆ హద్దు ఉంటుందట, దాన్ని పుస్తకంలో గీత గీసి చూపిస్తారట.

“ఆ కడ్డీని ఆడోళ్ళు ముట్టొచ్చా?” అని అడిగాను.

అది నవ్వింది. నేను నవ్వులాటకి అడగలేదు. దాన్నే మరిదికి ఫోను చేయమన్నాను. చేసింది. హద్దు గురించి, తడిస్తే నైలాను బలం తగ్గడం గురించి చెప్పింది. మరిది అంతా విని, “బాగా సదువుకో తల్లీ,” అని పెట్టేశాడట.

మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. రోజూ పొద్దెక్కాక బోటు వచ్చే వేళకి ఒడ్డున నిలబడతాను. ట్రాక్టరు పొగ వదులుతుంది. మోకు లేస్తుంది, బిగుస్తుంది, సన్నబడుతుంది. ఆ పక్కన నా కొడుకు వీపు వంగుతుంది. నా కళ్ళు మూసుకుపోతాయి. బోటు ఎక్కిందన్న కేక వినబడ్డాకే తెరుస్తాను. ఎన్నాళ్ళని మూసుకోను.

నాలుగో రోజు బోటు దిగే వేళకి వెళ్ళాను. అందరూ ఉన్నారు. నడుచుకుంటూ వెళ్ళి మోకు మీద అరచేయి పెట్టి నిలబడ్డాను.

ముట్టిన మోకుతో బోటు దించరు. మళ్ళీ పసుపు, మళ్ళీ వేపమండలు, మళ్ళీ కొబ్బరికాయకి ఒకడు పరుగు. ఈలోగా పక్క బోట్లు నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. మరిది పళ్ళు కొరికాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళి చేయి పెట్టాను. ఆ మర్నాడూ పెట్టాను. చేతులు పట్టుకుని లాగేద్దామంటే వాళ్ళకి కుదరదు, అన్న పెళ్ళాన్ని అందరిలో పట్టుకుని ఎవరు లాగుతారు. నన్ను కట్టేసిన ఆచారమే వాళ్ళనూ కట్టేసింది.

“ఇంకెన్నాళ్ళు ముడతావు వదినా?” అన్నాడు మరిది మూడోసారి.

“ఎన్నాళ్ళు కడుగుతారో కడగండి. నాకేటి పని ఉన్నాది, రోజూ వస్తాను.”

నా కొడుకు నన్ను ఇంటిదాకా తరుముకుంటూ వచ్చాడు. “ఊళ్ళో నా పరువు తీసీసినావు. ఎవలూ నాతోటి మాట్లాడ్డం నేదు.”

“కాలు పోతే పరువుతోటి నడుస్తావేటిరా?”

“ఏ కాలు పోనాది? ఇదిగో ఉన్నాది గదా. రెండూ ఉన్నాయి. సూడు.”

లుంగీ ఎత్తి రెండు కాళ్ళూ చూపించాడు. ఉన్న కాలును చూపించి పోతుందని నమ్మించడం ఎలాగో నాకు రాదు.

ఆ వారంలోనే కొత్త మోకు వచ్చింది. పాతదాన్ని మరిది స్వయంగా మోసుకొచ్చి నా గుమ్మం ముందు పడేశాడు.

“నీ సెయ్యి తగిలిన మోకు మాకొద్దు. నువ్వే ఉంచుకో.”

సాగింది కాబట్టి కాదు. నేను ముట్టాను కాబట్టి. ఊరంతటికీ తెలిసింది అదే, రేపు చెప్పుకునేదీ అదే. ఆ మోకు తెగేదో లేదో ఇప్పుడు ఎవరు చెప్పగలరు. తెగి ఉంటే నేను చెప్పింది నిజం అయ్యేది, నా కొడుకు ముణుకు పోయేది. తెగలేదు కాబట్టి నేను బోటుకు మైల పెట్టినదాన్ని. రెంటిలో ఏది కావాలే అంటే ఇదే కావాలి, ఇందులో అనుమానం లేదు. కానీ కోపం మాత్రం పోవడం లేదు. ఎవరి మీద చూపించాలో తెలియక చేపల తట్టల మీద చూపిస్తున్నాను.

ఆ మోకును పెరట్లో రెండు గుంజలకు కట్టి చేపలు ఆరేస్తున్నాను. సాయంత్రం బిగించి కడతాను, మర్నాటికి కడుపు దించుకుని వేలాడుతుంది. అంత చిన్న బరువుకే. నాలుగు సావడ చేపల దండలకే. మళ్ళీ విప్పి బిగిస్తాను. మరిది ఆ దారినే పోతాడు రోజూ, ఒక్కసారి తల తిప్పి చూడడు.

కొత్త మోకును సరుగుడు తోటలో కట్టారు. రాళ్ళు తక్కువ వేశారు. తోట బయట నిలబడి, ఇంకో నాలుగు రాళ్ళు వెయ్యండిరా అని అరిచాను. విననట్టు ఉన్నారు. కాసేపటికి రెండు వేశారు, నేను చెప్పానని కాదన్నట్టుగా. మూట ఆగిందో లేదో ఎవరూ కింద చేయి పెట్టి చూడలేదు. రెండో రోజే దించేశారు. ఇంకా ఒకరోజు, కాకపోతే రెండు రోజులు ఉండాలి.

దించిన రోజు మధ్యాహ్నం నేను పెరట్లో చేపలు తిరగేస్తుంటే కొడుకు వచ్చి నా ముందు నిలబడ్డాడు. మాటలు లేక పది రోజులైంది. చేతిలో ఎర్ర దారం ఉండ ఉంది.

“సెయ్యి సాపు.”

చేపల వాసన చేతినే చాపాను. వాడు దారం కొస నా మోచేతి మీద పెట్టి, నడిమి వేలి దాకా తీసుకువచ్చి, బిగించి పట్టుకున్నాడు.

“లాగి పట్టకురా. దారం కూడా సాగుతాది.”

“తెలుసులేవే.”

వదులు చేసి మళ్ళీ పెట్టాడు. అక్కడ ముడి వేసి, దారం తెంపి, చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నిన్న మా అన్న కూతురిని కొత్త మోకు చూసి రమ్మని ఒడ్డుకు పంపాను. పెళ్ళికాని పిల్ల ముట్టవచ్చు, దానికి అడ్డు లేదు. తిరిగి వచ్చి, ఎర్ర దారాలు రెండూ ఉన్నాయి అత్తా అంది. నడుమ ఎంతుందే అంటే, దాని చేత్తో ఏడు మూరలూ, పైన జానెడుకు కాస్త తక్కువ అంది. ఇద్దరం అరుగు మీద కూర్చుని మోచేతులు పక్కపక్కన ఆనించి చూసుకున్నాం. దాని మూర నా మూర కంటే రెండు వేళ్ళు పొడుగు. అది కాగితం మీద లెక్క కట్టింది. నా చేత్తో అయితే ఎనిమిది, సరిపోయింది అంది.

సరిపోవడానికి సరిపోయింది. మూట మాత్రం ముందే దించేశారు, ఈ మోకులో కొత్త సాగుడు ఇంకా ఉంది. నెల తిరిగేసరికి ఎనిమిది మీద కొంత వస్తుంది. అది భయపడాల్సిన సాగుడో కాదో చెప్పాలంటే ఎవరో ఒకరు దాన్ని ఇసుక మీద వదులుగా పరిచి, ఆ దారం ముక్కతో మళ్ళీ కొలవాలి. వాడు ఆ ముక్కను జేబులోనే ఉంచుకున్నాడో, చొక్కాతో పాటు ఉతికేశాడో ఇంకా అడగలేదు.